అమ్మ పాఠం చెప్పిన ఊరు: ఓరుగల్లులో ఒక్క రోజు

మా అమ్మ ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పింది. ఏ ఊరికి బదిలీ అయినా కాకతీయుల పాఠం మాత్రం ఆవిడకే వచ్చేది. "అది మీరు చెబితేనే పిల్లలు వింటారు టీచర్ గారూ" అని మిగతా మాస్టార్లు వదిలేసేవారట. నేనూ ఆ క్లాసులో మూడో బెంచీలో కూచుని విన్నదాన్నే. రుద్రదేవుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అని బోర్డు మీద నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన సంవత్సరాలు వేసి, చివర 1323 అనే అంకె చుట్టూ సున్నా చుట్టేది. ఆ సున్నా చుట్టేటప్పుడు సుద్దముక్క గట్టిగా నొక్కేది. అదొక్కటే నాకు బాగా గుర్తు.

ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పిన మనిషి అరవై తొమ్మిదో ఏడు వచ్చేదాకా ఓరుగల్లు చూడలేదు. మాది కృష్ణా జిల్లా. నేను హైదరాబాదులో స్థిరపడ్డాక అమ్మ నా దగ్గరికి వచ్చే ప్రతిసారీ విజయవాడలో ఎక్కిన బండి వరంగల్ మీదుగానే వస్తుంది. స్టేషన్లో రెండు నిమిషాలు ఆగుతుంది. అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని "ఇక్కడికి దగ్గర్లోనేనే కోట" అంటుంది. బండి కదులుతుంది. ఇలా పాతికేళ్లు గడిచాయి. నాన్న పోయాక ఒకసారి అమ్మే అడిగింది, "ఒక్క రోజు తీసుకెళ్తావా" అని. ఎంత చిన్న కోరికో అనిపించి మనసు చివుక్కుమంది.

మొన్న డిసెంబరులో ఒక బుధవారం సెలవు పెట్టాను. శని, ఆదివారాల్లో గుళ్ల దగ్గర జనం ఎక్కువ, అమ్మకి మోకాళ్ల నొప్పులు, తోపులాటలో నిలబడలేదు. ముందు నేను వేసిన ప్రణాళిక చూస్తే ఇప్పుడు నాకే భయమేస్తుంది. పొద్దున రామప్ప, మధ్యాహ్నం కోట, సాయంత్రం వేయిస్తంభాల గుడి, మధ్యలో వీలైతే లక్నవరం చెరువు. రామప్ప గుడి పాలంపేటలో ఉంది, హనుమకొండ నుంచి దాదాపు డెబ్బై కిలోమీటర్లు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి దాన్ని వదిలేసి వస్తే ఏదో తప్పు చేసినట్టు అందరూ చూస్తారు. కానీ వెళ్లి రావడానికే మూడు గంటలకు పైగా రోడ్డు మీద పోతుంది. కాగితం మీద లెక్కేసుకుంటే అమ్మ కోటలో గడిపేది గంటంబావు. రామప్పను కొట్టేశాను. దానికి ఇంకో రోజు, దానికే పెట్టుకుందాం అనుకున్నాను. ఆ రోజు చేసిన మంచి పనుల్లో మొదటిది అదే.

రెండో మంచి పని, దిగే స్టేషనూ ఎక్కే స్టేషనూ వేరుగా పెట్టుకోవడం. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ కలిసిపోయిన ఊళ్లు. హైదరాబాదు వైపు నుంచి వస్తే ముందు కాజీపేట వస్తుంది, హనుమకొండ గుళ్లకు అక్కడి నుంచి దగ్గర. కోట మాత్రం వరంగల్ స్టేషనుకి దగ్గర. పొద్దున కాజీపేటలో దిగి, గుళ్లు చూసుకుంటూ తూర్పుగా జరిగి, చీకటి పడ్డాక వరంగల్లో బండెక్కితే వెళ్లిన దారిలో వెనక్కి రావక్కర్లేదు. దూరాల కోసం ఇలా వేసుకున్నాను గానీ, అందులో ఇంకో సంగతి ఉందని అమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. కాకతీయులు కూడా ఇలాగే జరిగారు. మొదట వాళ్ల రాజధాని హనుమకొండ. తర్వాత ఓరుగల్లు. రుద్రదేవుడి కాలంలో మొదలైన ఆ మార్పు గణపతిదేవుడి నాటికి పూర్తయింది. "మనం వరసలో చూస్తున్నామే. 1163లో దిగి 1323లో బండెక్కుతాం" అంది అమ్మ, రైల్లో ఇడ్లీ పొట్లం విప్పుతూ. ముఖం వెలిగిపోతోంది.

కాజీపేటలో ఎనిమిదిన్నరకు దిగాం. బయట ఆటోలో పెద్దాయన ఒకరు "యాడికి పోవాలె అమ్మా?" అని అడిగారు. రోజంతా కావాలని చెప్పి, ఎక్కడెక్కడికో ముందే చెప్పి, మొత్తం ఒకటే మాటగా మాట్లాడుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పేది ఇదే. ప్రతి చోటా కొత్త ఆటో వెతుక్కుంటూ ఎండలో నిలబడితే కాళ్లు అక్కడే అయిపోతాయి. పైగా చేతిసంచి, నీళ్లసీసాలు, అమ్మ స్వెట్టరు అన్నీ ఆటోలోనే ఉండిపోయాయి.

వేయిస్తంభాల గుడి ఊరి మధ్యలో ఉంది. పక్కనే బస్సుల మోత, షట్టర్లు ఎత్తుతున్న చప్పుడు. గేటు దాటి లోపలికి నాలుగడుగులు వేస్తే ఆ గోల వెనక్కి వెళ్లిపోతుంది. పొద్దున్నే వెళ్లమని ఎందుకంటున్నానంటే, చెప్పులు బయట విప్పాలి, ఆవరణంతా రాయే. తొమ్మిదింటికి ఆ రాయి చల్లగా పాదాలకు హాయిగా ఉంది. మధ్యాహ్నం అయితే మా అమ్మ అక్కడ నిలబడగలిగేది కాదు.

రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి ఇది. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒక్కటే రంగమండపం, దాన్నే త్రికూటాలయం అంటారు. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి ఒకే కప్పు కింద చోటిచ్చారు. నేల మీద నక్షత్రం ఆకారంలో మలుపులు తిరిగే ఎత్తైన అరుగు, దాని మీద గుడి. నల్లరాతి స్తంభాలను ఎంత నున్నగా తీశారంటే దగ్గరికి వెళ్తే మన చీర రంగు అందులో కనిపిస్తుంది. ఒక్కో స్తంభానికి చుట్టూ గీతలు, కట్లు, పలకలు. కుమ్మరి సారె మీద కుండ తిరిగినట్టు రాయిని తిప్పి చెక్కారేమో అనిపిస్తుంది. అమ్మ ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

తర్వాత గర్భగుడి ద్వారం ముందు కూచుంది. ద్వారబంధానికి రెండు పక్కలా, పైన అడ్డరాతి మీద నాట్యం చేసేవాళ్లు, మద్దెల కొట్టేవాళ్లు, లతలు, హంసలు. రుద్రేశ్వరుడికి దండం పెట్టుకుని అయిదు నిమిషాల్లో లేస్తుందనుకున్నాను. అరగంటయింది. నేను గడియారం చూసుకుంటున్నాను. ఇక్కడ గంట, భద్రకాళి గుడిలో గంట అని నా లెక్క. "అమ్మా, ఇంక కదులుదామా" అన్నాను. తల తిప్పకుండానే అంది: "ముప్పయ్యేళ్లు కాకతీయుల్ని నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో అవగొట్టాను. బెల్లు కొడతారని పరిగెత్తించాను. ఇవాళ నువ్వు బెల్లు కొట్టకు తల్లీ."

ఫోను సంచిలో పడేసి ఆవిడ పక్కన కూచున్నాను. కూచున్నాక గానీ నాకు ఆ ద్వారం కనిపించలేదు. అప్పటిదాకా 'బాగా చెక్కారు' అని మాత్రమే చూశాను. కూచుని చూస్తే మద్దెల వాయించేవాడి మెడ ఒక పక్కకు వాలి ఉంది, తాళం మీద ధ్యాస పెట్టినవాడి మెడలాగా. ఆ పక్క నర్తకి మోకాలు వంచిన తీరులో, పైకెత్తిన కాలి బరువంతా రెండో కాలి మీద పడినట్టు తెలుస్తోంది. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందటి ఒక శిల్పి బరువు ఎటు పడుతుందో చూసి చెక్కాడు. అది నాకు నిలబడి చూసినంతసేపూ అందలేదు.

గుడికి ఎదురుగా నల్లరాతి నంది, ఒకే రాతిలో తీసింది, మెడలో గంటలు, మువ్వల పట్టీలు లెక్కపెట్టుకోవచ్చు. దాని వెనక కల్యాణ మండపం. పునాది కుంగి ఒరిగిపోవడంతో ఈ మండపాన్ని చాలా ఏళ్ల కింద రాయి రాయిగా విప్పేసి, నంబర్లు వేసి పక్కన పేర్చారు. మళ్లీ నిలబెట్టి తెరవడం 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు జరిగింది. ఇన్నేళ్లూ ఇక్కడికి వచ్చినవాళ్లు చూసింది రాళ్ల కుప్పలే. కాకతీయుల శిల్పులు బరువైన కట్టడాల కింద పునాది గుంటను ఇసుకతో నింపేవారు. నేల కదిలినా ఆ ఇసుక సర్దుకుని పైనున్న రాతిని కాపాడుతుందని. కింద మెత్తనిది పెట్టి పైన అంత బరువు నిలబెట్టాలన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మండపంలో తిరుగుతుంటే ఎక్కడ పాత రాయి, ఎక్కడ కొత్త రాయి అన్నది రంగును బట్టి తెలిసిపోతుంది. అలా తెలియడమే మంచిదని నా అభిప్రాయం. దాచిపెట్టకుండా అతికారు.

వెయ్యి స్తంభాలు ఉన్నాయా అని అందరూ అడుగుతారు. అక్కడ ఒక కుర్రాడు నిజంగానే లెక్కపెడుతూ తిరుగుతున్నాడు. వెయ్యి అంటే మన భాషలో చాలా అని అర్థం, వెయ్యేళ్లు వర్ధిల్లు అన్నట్టు. ఆ కుర్రాడు మూడుసార్లు లెక్క తప్పి నవ్వుతూ కూచున్నాడు.

అమ్మ అసలు వెతుకుతున్నది వేరే. శాసనం. రుద్రదేవుడు తాను ఇక ఎవరి కిందా సామంతుణ్ణి కానని లోకానికి తెలిసేలా తన విజయాలు, తన తండ్రి ప్రోలరాజు విజయాలు, ఈ ముగ్గురు దేవుళ్ల ప్రతిష్ఠ అన్నీ చెక్కించిన శాసనం. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు-కన్నడ లిపి. రాతి దగ్గరికి ముఖం పెట్టి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టి, వేలితో గాల్లో ఒక అక్షరం రాసింది. "ఇది 'ర'. చూడు, తలకట్టు అప్పటికే వచ్చేసింది." తర్వాత ఇంకొకటి పోల్చింది. అయిదారు అక్షరాలకు మించి రాలేదు. ఆ అయిదారే ఆవిడకు చాలు. ఆ రాతి ముందు నిలబడ్డ ఆ ముఖాన్ని ఫోటో తీయలేదు. తీయాలనిపించలేదు.

హనుమకొండలోనే పద్మాక్షి గుట్ట ఉంది, ఒకప్పటి జైన బసది, అంటే జైనుల గుడి. కాకతీయులు శైవులు కాకముందు జైనాన్ని ఆదరించారనడానికి అక్కడ గుర్తులున్నాయి. మెట్లెక్కాలి కాబట్టి కింద నుంచే చూశాం. భద్రకాళి గుడికి మధ్యాహ్నం తలుపులు మూసేలోపు చేరాం. హనుమకొండకీ వరంగల్‌కీ మధ్య, చెరువు ఒడ్డున ఉంటుంది. దర్శనం తొందరగానే అయిపోయింది గానీ, చెరువు గట్టు మీద గాలి, అవతల గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు, వాటిని చూస్తే కాకతీయులకు రాయీ నీరూ రెండూ ఎందుకంత దగ్గరయ్యాయో తెలుస్తుంది. ఈ నేలలో రాయికి కొదవ లేదు, వాన నీటిని మాత్రం పట్టి నిలుపుకోవాలి. అందుకే గుడి కట్టిన చోటల్లా చెరువు తవ్వారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. "రాజులు పోయారు, తూములు పనిచేస్తున్నాయి" అని అమ్మ క్లాసులో చెప్పే మాట. గట్టు మీదే ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆటో పెద్దాయన తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసి "తినుండ్రి పెద్దమ్మా, ఇంట్ల చేసింది" అని అమ్మ చేతిలో పెట్టాడు. పల్లీలు, నువ్వులు పడి కరకరలాడుతోంది. అమ్మ రెండో ముక్క అడిగి మరీ తింది.

ఒంటిగంటన్నరకు కోట వైపు కదిలాం. ఊళ్లో అందరూ ఖిలా అనే అంటారు. ఆటో మామూలు వీధుల్లోంచి పోతూ ఉంది, ఇళ్లు, కిరాణా కొట్లు, ఆరబెట్టిన బట్టలు. ఉన్నట్టుండి దారి పక్కన పచ్చగడ్డి మొలిచిన పెద్ద మట్టి కట్ట. నేను చెరువు కట్ట అనుకున్నాను. "ఆపు నాయనా, ఆపు" అని అమ్మ దాదాపు అరిచింది. అది మట్టికోట. కోట చూడటానికి వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని దాటి వెళ్లిపోతారు, కోట అంటే రాయే అనుకుని. కానీ ఓరుగల్లును కాపాడిన వాటిలో ఈ మట్టిది పెద్ద భాగం. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ సేన ముట్టడించినప్పుడు ఈ గోడ గురించి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఉక్కు ఈటె కూడా దిగనంత గట్టిదట, యంత్రంతో విసిరిన గుండు తగిలినా పిల్లలాడుకునే కాయలాగా ఎగిరి వెనక్కి పడుతుందట. శత్రువు పక్షం కవి చెప్పిన మాట కాబట్టి అమ్మకి అది మరీ ఇష్టం. ఆటో దిగి కట్ట అంచున ఒక పిడికెడు మట్టి చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ అక్కడే వేసేసింది.

తర్వాత కందకం, దాని వెనక రాతికోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ గోడను రుద్రమదేవి పూర్తి చేసి ఎత్తు పెంచిందని, నలభై అయిదు బురుజులు కట్టించిందని చెబుతారు. పెద్ద పెద్ద రాతి దిమ్మెలను సున్నం లేకుండా ఒకదానికొకటి ఒరిపిడి పెట్టి పేర్చారు. లోపలి వైపు గోడకి ఆనించి మట్టివాలు, దాని మీద రాతి మెట్లు. ఏ మూల దాడి జరిగినా సైనికులు అక్కడికక్కడే గోడ పైకి ఎక్కేయడానికి వీలుగా.

నాకు అన్నిటికంటే నచ్చింది ద్వారం. దారి తిన్నగా లోపలికి పోదు. ఒక వాకిట్లోంచి లోపలికి వెళ్తే ఎదురుగా గోడ, పక్కకు తిరగాలి, మళ్లీ తిరగాలి. ఏనుగులతో వేగంగా వచ్చి తలుపు కుమ్మే వీలు లేకుండా కట్టిన మెలిక అది. ఆ మలుపుల్లోంచే ఇవాళ ఆటోలు, స్కూలు బస్సులు, గడ్డి మోపుల బండ్లు పోతున్నాయి. మా ఆటో పెద్దాయన ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టి నెమ్మదించాడు. శత్రువును నెమ్మదించాలనే కట్టింది కదా అది. కోట లోపల ఊరుంది. జనం కాపురాలున్నారు, కోళ్లు తిరుగుతున్నాయి, అరుగు మీద ఒకావిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

ఊరి నడుమ కంచె వేసిన ఆవరణ. టిక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్లాం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. ఫోటోల్లో, తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఎన్నిసార్లు చూసినా, కింద నిలబడి మెడ ఎత్తి చూస్తే గానీ వాటి ఎత్తు తెలియదు. దాదాపు ముప్పై అడుగులు. నిలువు స్తంభాలు, వాటి మీద పొడవాటి అడ్డరాయి, దాని కింద వేలాడే తామర మొగ్గలు, పైన రెండు కొసల్లో హంసలు. తలుపు పెట్టుకోవడానికి వీలే లేని ద్వారాలు. ఎవరినీ ఆపడానికి కట్టినవి కావు, లోపలికి రమ్మని చెప్పడానికి కట్టినవి.

వాటి మధ్య ఉండవలసిన గుడి లేదు. స్వయంభూదేవుడి ఆలయం, కాకతీయుల ఇలవేల్పు. ఉన్న ముక్కలన్నీ నేల మీద వరసల్లో పేర్చి ఉన్నాయి. సగం నంది, పైకప్పు తామర, విరిగిన ద్వారపాలకుడు, ఏ స్తంభానిదో తెలియని కమలం. ఎండలో ఆ వరసల మధ్య నడుస్తుంటే నాకు గొంతు పట్టేసింది. పొద్దున్నే వేయిస్తంభాల గుడిలో ఆ చెక్కడం నిలువుగా, ప్రాణంతో చూసి వచ్చాం కదా. అదే చేతి పని ఇక్కడ నేల మీద పడి ఉంది. వరస తిప్పి కోట ముందు చూసి ఉంటే ఇవి నాకు రాళ్లు మాత్రమే. అందుకే ఎవరు అడిగినా హనుమకొండ ముందు, కోట తర్వాత అని చెబుతాను.

గుడి పోయి తోరణాలు ఎలా మిగిలాయి? అమ్మ చాలా ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న. తోరణాల మీద చూడండి, పూలు, లతలు, మొగ్గలు, పక్షులు, మకరాలు. దేవతల బొమ్మలు కనిపించవు. అందువల్లే గెలిచినవాళ్లకు వాటిని కూల్చాలనిపించలేదని, పైగా తమ కొత్త అధికారానికి అలంకారంగా ఉంచుకున్నారని చరిత్ర చదివినవాళ్లు అంటారు. అమ్మ తూర్పు వైపు తోరణం చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేసి వచ్చి "నిజమేనే, ఒక్క దేవుడూ లేడు" అంది.

అప్పుడే ఒక బస్సు ఆగి పిల్లలు దిగారు. ఎనిమిదో తరగతి, నలభై మంది దాకా, ఏదో సర్కారు బడి. వాళ్ల టీచరమ్మ చిన్న వయసు, గొంతు బొంగురుపోయి ఉంది, పొద్దుటి నుంచి అరిచి అరిచి. పిల్లలు తోరణం కింద ఫోటోలు దిగుతున్నారు. ఒక పిల్ల పక్కదాన్ని అడిగింది, "రుద్రమదేవి గుర్రమెక్కి ఈడికెళ్లే పోయేదా?" అని. అమ్మ ఆగలేకపోయింది. "పోయే ఉంటుందమ్మా" అంది. అంతే, పదినిమిషాల్లో పిల్లలందరూ గడ్డి మీద కూచున్నారు. టీచరమ్మ తన నీళ్లసీసా అమ్మకిచ్చి "మీరే చెప్పండి మేడం, నాక్కూడా వినాలని ఉంది" అంది.

రిటైరై పదకొండేళ్లయింది. ఆ గొంతు అలాగే ఉంది. గణపతిదేవుడికి కొడుకుల్లేకపోతే కూతుర్ని కొడుకులా పెంచి రాజ్యమిచ్చాడని, శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజని రాశారని, ఆడపిల్ల ఏలడమేంటని తిరగబడ్డ సామంతుల్ని అణిచి రాయగజకేసరి అని బిరుదు పెట్టుకుందని చెప్పింది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం గురించి చెప్పింది. అంతకుముందు గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజుదే. ఇకమీదట అలా లాక్కోబోమని, సుంకం తప్ప మరేమీ అడగబోమని సముద్ర వర్తకులకు రాతి మీద మాటిచ్చాడు. "మునిగినవాడి సొమ్ము తీసుకోనన్నాడు, అదీ రాజంటే" అంది. పిల్లలు కదల్లేదు.

తర్వాత ఒక మాట అంది, నేను ఇంతకుముందు ఎన్నడూ విననిది. "నేను చాలా ఏళ్లు మీలాంటి పిల్లలకు రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చెప్పాను. పుస్తకంలో అలాగే ఉండేది. తర్వాత నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక శాసనం గురించి తెలిసింది. 1289 నవంబరులో ఆవిడ, ఆవిడ సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేశానని వాళ్ల కొలువులోని ఒక మనిషి వేయించిన శాసనం. ఒక్క మామూలు మనిషి చెక్కించిన రాయి మా పుస్తకాన్ని మార్చింది. నేను తప్పు చెప్పిన పిల్లలందరి ఇళ్లకీ వెళ్లి దిద్దలేను కదా. మీరు మాత్రం 1289 అని రాసుకోండి." పిల్లలు నిజంగానే పెన్నులు తీశారు. కొందరు అరచేతి మీద రాసుకున్నారు.

1323 గురించి వాళ్లకి చెప్పలేదు. వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయాక ఖుష్ మహల్ వైపు నడుస్తూ నాకు చెప్పింది. ఢిల్లీ సుల్తాను గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటిసారి వచ్చి కోట పట్టలేక వెనక్కి పోయాడు. కొన్ని నెలలకే మళ్లీ వచ్చి కోట పట్టాడు, కాకతీయ రాజ్యం అక్కడితో అయిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి పంపారు, దారిలో నర్మద ఒడ్డున ప్రాణాలు పోయాయని తర్వాతి కాలపు విలస తామ్రశాసనం చెబుతోంది. ఊరి పేరు కూడా సుల్తాన్‌పూర్ అని మార్చారు. "పేరు నిలవలేదు చూడు" అంది.

ఖుష్ మహల్ తోరణాల ఆవరణకు పడమరగా ఉంది. లోపలికి వాలినట్టుండే మందపాటి గోడలు, ఎత్తైన కమానులు. పదహారో శతాబ్దం మొదట్లో ఈ కోటనేలిన షితాబ్ ఖాన్ కట్టించాడని స్థానికంగా చెబుతారు. కట్టిన తీరు తుగ్లకుల నాటిదని ఇంకొందరి వాదన. నాకు రెండో మాటే నమ్మబుద్ధేసింది, ఆ వాలు గోడల్లో ఇక్కడి చెయ్యి కనబడలేదు. మండుటెండలోంచి వెళ్తే లోపల చల్లగా చీకటిగా ఉంది. అమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. బయట నుంచి తెచ్చి పెట్టిన శిల్పాలు గోడ వారగా ఉన్నాయి. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నాలుగున్నరకి ఏకశిల గుట్ట దగ్గరికి వెళ్లాం. ఓరుగల్లు అంటే ఒంటిరాయి, ఆ పేరు తెచ్చిన రాయి ఇదే. మెట్లు చూసి నేను వద్దన్నాను. "నువ్వెక్కి చూసి రా, నేనిక్కడ కూచుంటా" అంది అమ్మ. సగం ఎక్కి వెనక్కి చూస్తే, ఆవిడ కూడా మెల్లగా ఒక్కో మెట్టు మీద కూచుంటూ లేస్తూ వస్తోంది. దిగి చెయ్యి పట్టుకున్నాను. పైకి చేరేసరికి అయిదుంబావు అయింది. పొద్దు వాలుతోంది. పైనుంచి అంతా కనిపిస్తుంది. గుండ్రంగా తిరిగిన రాతిగోడ, దాని వెలుపల పొలాలు, మట్టికట్ట గీత, తోరణాల కొసలు, ఇళ్ల మీద నీళ్ల ట్యాంకులు. అమ్మ బోర్డు మీద చుట్టే సున్నా గుర్తొచ్చింది. ఆవిడకి కూడా అదే గుర్తొచ్చిందో ఏమో, వేలితో ఆ గోడ పొడవునా గాల్లో ఒక చుట్టు గీసింది, నెమ్మదిగా, చివరికంటా.

దిగేటప్పుడు మోకాళ్లు బాగా ఇబ్బంది పెట్టాయి. ఆటో పెద్దాయన సగం దాకా ఎదురొచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. కోట ద్వారం మెలికల్లోంచి బయటికొచ్చాక అమ్మ అడిగింది, "నాయనా, మళ్లీ ఒక్కసారి లోపలికి పోయి రావచ్చా? ఎన్ని మలుపులో లెక్కపెట్టలేదు." ఆయన ఏమీ అనకుండా ఆటో తిప్పాడు. స్టేషన్లో దిగాక మాట్లాడుకున్నదాని మీద కొంత ఎక్కువిస్తే మొదట వద్దన్నాడు, తర్వాత అమ్మ కోసం తీసుకున్నాడు.

ఏడున్నర బండికి సీట్లు దొరికాయి. ఎదురుగా కిటికీ పక్కన కాలేజీ పిల్ల ఒకతె, ఖమ్మంలో ఎక్కిందట. బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లో బయటికి చూస్తూ "ఇది వరంగలేనా అమ్మమ్మా?" అని అడిగింది.

"అవునమ్మా. కోట ఇక్కడి నుంచి ఆటోలో పది నిమిషాలే" అంది అమ్మ. చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకుని, మంచు పట్టిన కిటికీ అద్దం మీద వేలితో ఆ ద్వారం మెలిక గీసి చూపించడం మొదలుపెట్టింది.